ధ్యానానికి కూర్చుంటే దుఃఖమే ఎదురవుతోంది

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. రెండేళ్ల క్రితం నాన్నగారు కన్నుమూశారు. చివరి వారం నేను ఆయన దగ్గర లేను. రేపు బయలుదేరదాం, ఎల్లుండి బయలుదేరదాం అనుకుంటూ ఉండగానే కబురు వచ్చింది. ఆ రోజు తమ్ముడు అందరి ముందూ "నీకు నాన్నకన్నా ఉద్యోగమే ఎక్కువైంది అక్కా" అన్నాడు. అప్పటి నుంచి మా మధ్య మాటలు లేవు. మనశ్శాంతి కోసం ఏడాదిగా బౌద్ధ గ్రంథాలు చదువుతున్నాను, రోజూ ఉదయం పట్టుబట్టి గంటసేపు ధ్యానానికి కూర్చుంటున్నాను. అయిదు నిమిషాలు గడవకముందే తమ్ముడి మాట చెవిలో వినిపిస్తుంది. లేచేసరికి ముందుకన్నా ఎక్కువ అలసిపోతున్నాను. నాన్నగారి ఫోటో ముందు మైత్రీ భావన (మేలు కలగాలని మనసారా కోరుకునే ధ్యానం) చేయబోతే ఏడుపే వస్తోంది. కోరికలు వదలమనే ధర్మంలో శాంతిని కోరడం కూడా కోరికే కదా? మనుషుల మీద మమకారం చంపుకుంటే తప్ప శాంతి దొరకదా? చిన్నప్పుడు బొమ్మలు వేసేదాన్ని. ఈమధ్య మళ్లీ పెన్సిల్ పట్టుకుంటే కాసేపు హాయిగా ఉంటోంది కానీ, అది పారిపోవడమేమోనన్న అనుమానం వదలడం లేదు. దారి చెప్పగలరు.
— ఒక సోదరి

సమాధానం: సోదరీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండుసార్లూ నా చూపు 'పట్టుబట్టి' అన్న మాట దగ్గరే నిలిచిపోయింది. తండ్రిని పోగొట్టుకున్న దుఃఖం, చివరి వారం దగ్గర లేకపోయానన్న బాధ, తమ్ముడి మాట చేసిన గాయం, ఈ మూడూ మోయడమే కష్టం. వాటికి తోడు, ఈపాటికి మనసు కుదుటపడి ఉండాల్సిందన్న నాలుగో బరువును మీకు మీరే ఎత్తుకున్నారు. మీ ప్రశ్నలన్నిటికీ నాకు తోచిన సమాధానం ఈ నాలుగో బరువు దగ్గరే మొదలవుతుంది కనుక ముందుగా దాని సంగతే రాస్తాను.

బుద్ధుడి బోధనల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలోని రెండు బాణాల ఉపమానం మీ కంట పడే ఉంటుంది. సాధారణ మనిషి శరీరానికి బాధ కలిగినప్పుడు ఆ బాధతో ఆగడు, దాని వెంట మనసులోనూ కుమిలిపోతాడు, కాబట్టి ఒక బాణం దెబ్బ తిన్నవాడిని వెంటనే మరో బాణంతో కొట్టినట్టు అతడు రెండు నొప్పులు పడతాడని, ధర్మం తెలిసినవాడికి మొదటి బాణం నొప్పి మాత్రమే ఉంటుందని బుద్ధుడు చెప్పాడు. ఈ ఉపమానాన్ని అందరూ రెండో బాణం కోసమే గుర్తు పెట్టుకుంటారు. నాకు మాత్రం మొదటి బాణం గురించి ఆయన చూపిన నిజాయితీ అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. జ్ఞానికైనా మొదటి బాణం తగులుతుంది, నొప్పి పుడుతుంది, ఆ సంగతిని ఆయన దాచలేదు. సూత్రంలో మొదటి బాణమంటే శరీరానికి కలిగే బాధే అయినా, మీ విషయంలో దాన్ని కొంచెం విస్తరించి చూడటం తప్పు కాదనుకుంటాను. నాన్నగారి మరణం మీకు తగిలిన మొదటి బాణం. ఆ రోజు తమ్ముడన్న మాట కూడా నా దృష్టిలో మొదటి బాణమే. అయితే అది ఒక్కసారి, కొన్ని క్షణాలపాటు వినిపించిన మాట. ఆ తర్వాత రెండేళ్లుగా అదే మాటను అదే గొంతుతో మళ్లీ మళ్లీ పలికిస్తున్నది, దానికి జవాబులు కూర్చుకుంటున్నది, ఆ జవాబులు ఆనాడే తట్టనందుకు నొచ్చుకుంటున్నది మీ మనసు, అది రెండో బాణం. ఇక ధ్యానంలో కూడా ఇదే గుర్తొస్తోందని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవడం మూడో బాణం. దీన్ని నిందగా తీసుకోకండి. తగిలిన బాణాల్లో కొన్ని మన చేతి నుంచే వస్తున్నాయంటే, వాటిని ఆపే వీలు కూడా మన చేతిలోనే ఉందని అర్థం.

కూర్చున్నప్పుడే ఈ అలజడి పైకి రావడానికి కారణం ధ్యానం చెడిపోవడం కాదు. పగలంతా పనులు ఆ గొంతును కప్పిపెడుతున్నాయి, కళ్లు మూసుకోగానే ఆ కప్పు తొలగుతోంది. మనసుకు అడ్డుపడే అయిదు నీవరణాల్లో ఒకదాన్ని బౌద్ధం 'ఉద్ధచ్చ కుక్కుచ్చ' అంటుంది. ఉద్ధచ్చ అంటే నిలకడలేని అలజడి, కుక్కుచ్చ అంటే చేసినదాని గురించి, చేయకుండా వదిలేసినదాని గురించి కలిగే పశ్చాత్తాపం. ఈ రెంటినీ రెండు వేర్వేరు అడ్డంకులుగా లెక్కపెట్టకుండా ఒకే జంటగా చెప్పడంలో ఎంతో పరిశీలన ఉంది. మీ పరిస్థితికి ఇంతకన్నా సరిపోయే పేరు నాకు తెలియదు, ఎందుకంటే మీ అలజడి, మీ పశ్చాత్తాపం ఒకదాన్నొకటి పెంచుకుంటున్నాయి. సంగారవుడనే బ్రాహ్మణుడితో మాట్లాడుతూ బుద్ధుడు ఈ స్థితిని గాలికి అలలు రేగుతున్న గిన్నెలోని నీటితో పోల్చాడు. ఆ నీటిలో తొంగి చూస్తే మన ముఖం మనకే సరిగా కనిపించదు. ఆ అలల్ని అరచేత్తో అదిమి అణచబోతే ఏమవుతుందో ఊహించండి. గంటసేపు మీరు చేస్తున్నది ఇంచుమించు అదే.

అలాంటి మరో సంకలనం మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తంలో, తరిమినా పోని ఆలోచనలకు అయిదు ఉపాయాలు చెప్పారు. వడ్రంగి సన్నని మేకుతో మొరటు మేకును తొలగించినట్టు చెడ్డ తలపు స్థానంలో మంచి తలపును నిలపడం మొదటిది. ఆ తలపు వల్ల కలిగే కీడును గమనించడం, దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం తర్వాతి రెండు. పళ్లు బిగబట్టి, నాలుకను అంగిటికి అదిమి, మనసును మనసుతోనే అణచడం అన్నిటికన్నా చివరిది, మిగతావేవీ పనిచేయనప్పటి మాట. మీరు ఆ చివరి ఉపాయంతోనే మొదలుపెట్టారు.

మీకు కావలసింది నాలుగోదని నా అభిప్రాయం. దాని ఉపమానం ఇది. ఒక మనిషి వేగంగా నడుస్తూ, నేనెందుకింత వేగంగా నడుస్తున్నాను, నెమ్మదిగా నడవవచ్చు కదా అనుకుని నెమ్మదిస్తాడు. నెమ్మదిగా మాత్రం ఎందుకు నడవాలని నిలబడతాడు. నిలబడటమెందుకని కూర్చుంటాడు. చివరకు పడుకుంటాడు. ఎక్కడా ఒక్కసారిగా ఆగిపోడు, ప్రతి అడుగులోనూ ముందుకన్నా కాస్త తేలికైన స్థితిలోకి జారుకుంటాడు. తమ్ముడి మాట వినిపించినప్పుడు దాన్ని నోరు మూయించే ప్రయత్నం చేయకుండా, ఈ తలపు ఇప్పుడు ఎంత వేగంతో పరుగెడుతోంది, దాంతోపాటు నా భుజాలు ఎంత బిగుసుకున్నాయి, నా దవడ ఎలా ఉంది అని చూడండి. కోపం పూర్తిగా పోవాలని అడగవద్దు. ఒక్క మెట్టు తగ్గితే చాలు. బిగుసుకున్న దవడ వదులైతే ఆ పూటకు అదే పెద్ద విషయం.

గంటసేపు కూర్చోవడం మానేయండి. సోణుడనే భిక్షువు నడిచే ధ్యానంలో పాదాలు పగిలి నెత్తురు కారేంత పట్టుదలతో సాధన చేసి, ఫలితం కనిపించక, సంఘాన్ని విడిచి ఇంటికి పోదామా అనుకున్నాడు. పూర్వాశ్రమంలో అతడు వీణ వాయించేవాడు. తీగలు మరీ బిగిస్తే వీణ పలుకుతుందా, మరీ వదులు చేస్తే పలుకుతుందా అని బుద్ధుడు అతడిని అడిగాడు. మీరు 15 నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి. అందులో సగం సేపు నడవండి. పాదం లేవడం, ముందుకు సాగడం, నేలకు ఆనడం, ఈ మూడూ తెలుస్తుంటే చాలు. తక్కిన సగం కూర్చుని శ్వాసను గమనించండి. దీర్ఘంగా ఊపిరి పీల్చినప్పుడు దీర్ఘంగా పీల్చానని తెలుసుకోవాలి, పొట్టిగా పీల్చినప్పుడు పొట్టిగా పీల్చానని తెలుసుకోవాలి అన్నంత మాత్రమే ఆనాపానసతి అనే ఈ శ్వాస సాధన ఆరంభంలో చెప్పినది. శ్వాసను అందంగా మలచమని అక్కడ లేదు. ఏడుస్తూ తీసుకునే ఊపిరి ముక్కలు ముక్కలుగా వస్తుంది, దాన్ని కూడా అలాగే తెలుసుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పకపోతే నేను బాధ్యత తప్పినట్టవుతుంది. నిద్ర వరుసగా దూరమవుతున్నా, తిండి సయించకపోతున్నా, బతుకు మీద విరక్తి కలుగుతున్నా ధ్యానాన్ని మందుగా నమ్ముకుని కూర్చోవద్దు, మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి. కళ్లు మూసుకుని లోపలికి చూడటం కొందరిలో, కొన్ని దశల్లో బాధను పెంచుతుంది. అలాంటప్పుడు సాధన ఆపి సాయం తీసుకోవడంలో ఓటమేమీ లేదు.

శాంతిని కోరడం కూడా కోరికే కదా అన్న మీ ప్రశ్న చాలా పాతది. కోశాంబిలోని ఘోషితారామంలో ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు బుద్ధుడి శిష్యుడైన ఆనందుడిని సరిగ్గా ఇదే అడిగాడు. కోరికను కోరికతోనే వదిలించుకోవాలంటే దానికి అంతెక్కడన్నాడు. ఆనందుడు అతడిని తిరిగి అడిగాడు, ఈ తోటకు రావాలన్న కోరిక నీకు ముందు కలిగింది కదా, వచ్చాక ఆ కోరిక ఏమైందని. తీరిపోయిందని ఉణ్ణాభుడు ఒప్పుకున్నాడు. మంచి పని వైపు కాళ్లు కదిలించే సంకల్పాన్ని పాలిలో ఛందమంటారు, ఎంత దొరికినా ఇంకా కావాలని తపించే దాన్ని తణ్హా అంటారు, మన తృష్ణ అదే. శాంతి కావాలనుకోవడంలో దోషం లేదు. శాంతి ఈ గంటలోనే రావాలని గడియారం చూసుకుంటున్నప్పుడు ఛందం తృష్ణగా మారుతోంది.

మమకారం గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ విషయంలో బౌద్ధాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుని తమను తాము రాయిగా మార్చుకోబోతారు. ఉపేక్షకు, అంటే మనసు తొణకని సమభావానికి, దగ్గరి శత్రువు పట్టనితనమని విసుద్ధిమగ్గమనే ధ్యాన గ్రంథంలో బుద్ధఘోషుడు హెచ్చరించాడు. దగ్గరి శత్రువంటే చూడటానికి అదే మాదిరిగా ఉండి మనల్ని మోసగించేది. మీరు చంపుకోబోతున్న మమకారం స్థానంలో వచ్చి చేరేది ఉపేక్ష కాకుండా ఆ పట్టనితనమే అయితే దానివల్ల మేలు కలగదు.

ఆనందుడి కథ చూడండి. దాదాపు పాతికేళ్లు బుద్ధుడిని కనిపెట్టుకుని ఉన్న ఆ శిష్యుడు, గురువు నిర్యాణం దగ్గరపడిందని తెలిసి, విహారం లోపలికి పోయి, తలుపు చట్రాన్ని ఆనుకుని ఏడ్చాడు. ఇంకా నేర్చుకోవలసింది మిగిలి ఉండగానే, నా మీద దయ చూపిన గురువు వెళ్లిపోతున్నాడే అన్నది అతడి దుఃఖం. బుద్ధుడు అతడిని పిలిపించాడు. ప్రియమైనవాటన్నిటి నుంచీ ఎడబాటు తప్పదని నేను ముందే చెప్పలేదా అని గుర్తు చేశాడు. అంతటితో ఊరుకోకుండా, నువ్వు ఇన్నాళ్లూ చేతలోనూ మాటలోనూ మనసులోనూ మైత్రితో నన్ను సేవించావని అతడిని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుదల నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. మరణశయ్య మీద ఉన్న మనిషి, ఏడుస్తున్న శిష్యుడికి, నీ ప్రేమ పొరపాటని చెప్పలేదు. మీరు నాన్నగారితో గడిపిన 45 ఏళ్లలో దగ్గర లేనిది ఒక వారం. ఆ వారం నిజమే, దాన్ని చెరపలేం. తక్కిన ఏళ్లు కూడా అంతే నిజం, వాటిని మీరు లెక్కలోకే తీసుకోవడం లేదు.

అజంతా 26వ గుహలో ఎడమ గోడ పొడవునా బుద్ధుడి మహాపరినిర్వాణ శిల్పం ఉంది. అయిదో శతాబ్దానికి చెందిన ఆ మూర్తి సుమారు 7 మీటర్ల పొడవున, కుడివైపుకు ఒరిగి, చెయ్యి తలకింద పెట్టుకుని, నిద్రపోతున్నట్టు ఉంటుంది. శయ్య కింద శిష్యులు కుంగిపోయి కూర్చుని ఉంటారు. పైన దేవతలు సంతోషంగా ఉంటారు. ఏడ్చేవాళ్లను అక్కడి నుంచి తొలగించాలని శిల్పి అనుకోలేదు, వాళ్ల దుఃఖాన్ని ఆ ప్రశాంతమైన దేహానికి ఎంతో దగ్గరగా చెక్కాడు. శాంతిని మీరు దుఃఖం వెళ్లిపోయాక మిగిలే ఖాళీగా ఊహిస్తున్నారేమో. ఆ గోడ మీద మాత్రం రెండూ ఒకే రాతిలో ఉన్నాయి.

నాన్నగారి ఫోటో ముందు మైత్రీ భావన చేస్తే ఏడుపు వస్తోందన్నారు. మైత్రీ భావనను మరణించినవారిని ఉద్దేశించి చేయవద్దని విసుద్ధిమగ్గంలో ఉంది. ఆ గ్రంథం చెప్పే కారణం ఏకాగ్రత కుదరదన్నదే అయినా, అందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. మైత్రి బతికి ఉన్నవారి కోసం. ఫోటో ముందు ఏడుపు వస్తే ఏడవండి, దానికి భావన అని పేరు పెట్టి అడ్డుకోవద్దు. భావనను మొదట మీ మీదే ఆరంభించండి, ఎందుకంటే సంప్రదాయం చెప్పిన వరుస కూడా అదే. ఆ తర్వాత గౌరవం కలిగే ఒక మనిషిని, ఆ తర్వాత ఏ సంబంధమూ లేని ఒక మనిషిని తలచుకోవాలి. గాయపెట్టినవారి వంతు ఆఖరున వస్తుంది. తమ్ముడితో మొదలుపెట్టాలని చూడవద్దు, అది మీ వల్ల ఇప్పుడే కాదు, కాకపోతే మళ్లీ మిమ్మల్నే తప్పుపట్టుకుంటారు.

ఇక బొమ్మల సంగతి. ఉత్తరం చివర ఒక వాక్యంలో ముగించారు కానీ, మీ దారి అటువైపే ఎక్కువగా కనిపిస్తోంది నాకు.

అమరావతి స్తూపానికి చెందిన ఒక గుండ్రని శిల్పఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దేవదత్తుడు బుద్ధుడిని చంపించాలని రాజగృహ వీధిలోకి నాళాగిరి అనే మదపుటేనుగును వదిలించిన కథ అది. ఫలకం ఒక పక్క ఏనుగు వీధిలో పడి బీభత్సం చేస్తూ ఉంటుంది. జనం భయంతో ఒకరినొకరు ఒరుసుకుంటూ వెనక్కు తగ్గుతారు, మేడ కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తుంటారు. ఆ గందరగోళం నుంచి చూపును నెమ్మదిగా కుడివైపుకు జరిపితే, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మధ్యలో గీత లేదు, గోడ లేదు. ఒకే వలయంలో ఒకే ఏనుగును శిల్పి రెండుసార్లు చెక్కాడు. మొదట నేను వాటిని రెండు ఏనుగులనుకున్నాను, కథ గుర్తొచ్చాక మళ్లీ చూశాను. బుద్ధుడు ఆ ఏనుగును కొట్టలేదు, కట్టేయలేదు, మైత్రీ చిత్తాన్ని దాని వైపు ప్రసరింపజేశాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. ఏనుగు తనంత తానుగా ఆ వీధిలోకి రాలేదు, ఎవరో వదిలితే వచ్చింది.

మీ తమ్ముడి గురించి నాకు తెలిసింది మీరు రాసిన ఒక్క వాక్యమే, కాబట్టి తీర్పు చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ మాటన్న రోజున అతడికీ తండ్రి పోయాడు కదా. ఆ చివరి వారమంతా దగ్గరుండి చూసినవాడు అతడే అయితే, అతడిని ఆ వీధిలోకి తరిమింది ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? దీనివల్ల ఆ మాట న్యాయమైపోదు. మీరు రోజూ ఉదయం వింటున్న గొంతులో మాత్రం ఇంతవరకూ వినిపించనిది ఏదైనా వినిపించవచ్చు.

బొమ్మ వేయడం పారిపోవడమా కాదా అన్నది, పెన్సిల్ పట్టుకుని మీరు దేన్ని చూస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కాలం గడపడానికి గీతలు నింపితే కాసేపు మరపు కలుగుతుంది, అందులోనూ తప్పు లేదు. నేను చెప్పే పద్ధతి వేరు. ఒక ఆకు తెచ్చుకోండి. తొడిమ దగ్గర చూపు నిలిపి, ఆకు అంచు వెంట కంటిని ఎంత నెమ్మదిగా జరపగలరో అంత నెమ్మదిగా జరపండి, పెన్సిల్ కూడా కంటితో సమానంగా కాగితం మీద కదలాలి. కాగితం వైపు చూడకండి. అంచు లోపలికి మడిచిన చోట, పురుగు కొరికిన చోట, ఈనె వచ్చి అంచును తాకే చోట పెన్సిల్ ఆగాలి. రెండు నిమిషాల్లోపే మనసు, ఇది ఆకులా రావడం లేదు, చిన్నప్పుడు ఎంత బాగా వేసేదాన్ని అంటుంది. ఆ గొంతును గుర్తుపట్టండి, అది మీకు బాగా తెలిసిన గొంతే, ధ్యానంలో వినిపించే మూడో బాణం అదే. దానికి జవాబివ్వకుండా, శ్వాస దగ్గరకు తిరిగి వచ్చినట్టే ఆకు అంచు దగ్గరకు తిరిగి రండి. కళ్లు మూసుకున్నప్పుడు మీకు కుదరని సాధన ఇక్కడ కళ్లు తెరిచి ఉండగా కుదురుతుంది, ఎందుకంటే చూపుకు పట్టుకొమ్మ దొరికింది.

టిబెట్ భిక్షువులు రంగు ఇసుకతో మండలం వేసేటప్పుడు రోజుల తరబడి వంగి కూర్చుని, సన్నని లోహపు గొట్టం నుంచి ఇసుకను కొద్దికొద్దిగా రాలుస్తారు. పూర్తయ్యాక దాన్ని ఊడ్చి, ఆ ఇసుకను పారే నీటిలో కలుపుతారు. మీ బొమ్మల్ని చెరపమని నేను చెప్పడం లేదు. ఎవరికీ చూపించవద్దని, బాగుందా అని ఎవరినీ అడగవద్దని మాత్రం చెబుతున్నాను. కింద తేదీ వేసి పక్కన పెట్టండి. వారానికి నాలుగు రోజులు, ఒక్కో రోజు 20 నిమిషాలు చాలు.

కొన్ని వారాలు ఆకులు, రాళ్లు, మీ సొంత ఎడమచెయ్యి అలవాటయ్యాక నాన్నగారి చేతులు వేయండి. ఫోటో చూసి వేయవద్దు, గుర్తున్నంతవరకే వేయండి. వేళ్ల కణుపులు, గోళ్ల ఆకారం, ఉబ్బిన నరాలు, ఏది గుర్తుంటే అది. గుర్తులేని చోట కాగితం ఖాళీగా వదిలేయండి. కన్నీళ్లు వస్తే పెన్సిల్ కింద పెట్టి ఊపిరిని గమనించండి, తగ్గాక మళ్లీ అందుకోండి, తగ్గకపోతే మరోనాడు. ఆ ఖాళీల్లో కొన్నిటిని పూర్తిచేయగలిగిన మనిషి మీ తమ్ముడొక్కడే. ఆ బొమ్మను అతడికి పంపాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోనవసరం లేదు.